బావతో ఫుట్‌బాల్ గొడవ: ఆటగాడి గొప్పా, కోచ్ గీసిన గీత గొప్పా?

మా బావ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు, నేను సియాటిల్ పక్కన బోథెల్‌లో. అక్క పెళ్ళయి పదిహేనేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మేమిద్దరం పొలం గట్ల గురించి పోట్లాడుకోలేదు, రాజకీయాల గురించి ఒకట్రెండు సార్లు మొదలెట్టి అక్క కసిరితే ఆపేశాం, కానీ సెప్టెంబర్ వచ్చిందంటే చాలు ప్రతి ఆదివారం రాత్రి ఫోన్లో అమెరికన్ ఫుట్‌బాల్ గొడవే. ఆయన కౌబాయ్స్, నేను సీహాక్స్. ఎవరి టీమ్ గొప్పదనే గొడవైతే ఎప్పుడో విసుగొచ్చి మానేసేవాళ్ళం. మాది వేరే గొడవ. ఒక డిఫెన్స్ బాగా ఆడితే ఆ పేరు ఎవరికి దక్కాలి, ఆటగాళ్ళకా, వాళ్ళని అక్కడ నిలబెట్టిన కోచ్‌కా?

బావది మొదట్నుంచీ ఒకటే పాట. "స్కీమూ లేదు గీమూ లేదు బామ్మర్దీ, పిండి కొద్దీ రొట్టె. పదకొండు మంది మొనగాళ్ళని ఇస్తే మన ఊరి పాలబ్బాయి కోచింగ్ చేసినా గెలుస్తారు." నేనేమో ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోకుండా చాలా ఏళ్ళు దీనికి సరిగ్గా ఎదురు వాదించా, డిజైన్ బాగుంటే మామూలోళ్ళతోనైనా పని నడుస్తుందని. ఇప్పుడు ఇద్దరిదీ తప్పే అనుకుంటున్నా. అంటే బావది ఎక్కువ తప్పు, నాది తక్కువ తప్పు. ఎందుకో చెప్తా, కాస్త పొడుగు వ్యవహారం, టీ పెట్టుకుని కూర్చోండి.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పేరు ఫుట్‌బాలే గానీ కాలితో తన్నేది చాలా తక్కువ. మైదానం 100 గజాల పొడవు, 53 గజాల చిల్లర వెడల్పు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ఛాన్సులిస్తారు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు. డిఫెన్స్‌లో పదకొండు మంది. వీళ్ళల్లో ఎవరు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకాలి, ఎవరు ఏ జాగా కాయాలి, ఎవరు ఏ మనిషి వెంట పరిగెత్తాలి అని ముందే గీసుకున్న ఏర్పాటే స్కీమ్. క్రికెట్లో కెప్టెన్ పెట్టే ఫీల్డ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ ప్రతి బంతికీ మారుతుంది, మారినట్టు అవతలోడికి తెలియకూడదు కూడా.

సియాటిల్ వాళ్ళు పదేళ్ళ పైన ఆడిన స్కీమ్ పేరు కవర్ త్రీ. ఇది పరమ సాదా సీదా. నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదకి, నలుగురు మధ్య జాగాలో, ముగ్గురు వెనక. వెనక ముగ్గురూ మైదానం వెడల్పుని మూడు వాటాలేసుకుంటారు, తలా 18 గజాలు. రెండు పక్కలా కార్నర్లు, మధ్యలో ఫ్రీ సేఫ్టీ. ఇందులో రహస్యమంటూ ఏమీ లేదు, హైస్కూల్ జట్లు కూడా ఆడతాయి. 2010లో సీహాక్స్ హెడ్ కోచ్‌గా వచ్చిన పీట్ క్యారల్ కుర్రాడిగా 1977లో ఆర్కన్సా యూనివర్సిటీలో మాంటీ కిఫిన్ కింద పనిచేశాడు, డిఫెన్స్ మీద ఆయన ఆలోచనలకి పునాది అక్కడే పడింది. అంటే పాత చింతకాయ పచ్చడే. మరి అదే పచ్చడితో 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగేళ్ళు లీగ్ మొత్తమ్మీద అందరికన్నా తక్కువ పాయింట్లిచ్చిన డిఫెన్స్ ఎలా తయారైంది? 1950ల్లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తర్వాత అలా వరసగా నాలుగేళ్ళు ఇంకెవరూ చెయ్యలా.

ఇక్కడ చిన్న పిట్టకథ. తణుకు దగ్గర మా హైస్కూల్లో కబడ్డీ టీమ్ ఉండేది. కబడ్డీలో కూడా కార్నర్, కవర్ అనే మాటలే వాడతారు, అందుకే ఈ ఆట పదాలు మొదటిసారి విన్నప్పుడు నాకు చుట్టాలింటికొచ్చినట్టు అనిపించింది. మా క్లాసులో ఒకడు బాగా పొట్టి, ఏ ఆటలోనూ ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. డ్రిల్లు మాస్టారు వాణ్ణి పట్టుకెళ్ళి ఎడమ కార్నర్‌లో నిలబెట్టారు. "నువ్వు వంగక్కర్లేదురా, నీ చెయ్యి ఆల్రెడీ వాడి మడమ దగ్గరే ఉంది" అన్నారు. ఒక నెల రోజులు వాడి చేత మడమ పట్టు తప్ప ఇంకేమీ చేయించలేదు. వాడు పట్టుకోగానే పక్కనున్న కవర్ దూకి అడ్డం పడాలి, అది వేరే వాడికి నేర్పారు. ఆ ఏడాది మండలం గెలిచాం. వాడు పొడుగవ్వలేదు, ఆ జాగాలో పొట్టితనం పనికొస్తుందని మాస్టారికి తెలుసు, అంతే.

క్యారల్, జనరల్ మేనేజర్ జాన్ ష్నైడర్ కలిసి సియాటిల్‌లో చేసింది అచ్చంగా ఇదే, కాకపోతే తలకిందులుగా, పొడుగోళ్ళతో. అప్పట్లో కార్నర్ అంటే ఆరడుగుల లోపు, చురుగ్గా తిరిగే మనిషి అని అందరికీ ఒక లెక్క. మరీ పొడుగోడు వెనక్కి తిరిగి పరిగెత్తేసరికి రిసీవర్ (క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి పట్టేవాడు) వెళ్ళిపోతాడని భయం. వీళ్ళేమన్నారంటే, మా స్కీమ్‌లో కార్నర్ రిసీవర్ వెంట మైదానమంతా తిరగక్కర్లేదు, గీత దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి ఆలస్యం చేసి, తర్వాత తన వాటా వెనక్కి కాచుకుంటే చాలు, లోపలి వైపు ఫ్రీ సేఫ్టీ ఉన్నాడు. దానికి కావాల్సింది పొడుగు చేతులు, ఓపిక. చేతి పొడవు కనీసం 32 అంగుళాలుండాలని కొలత పెట్టుకుని మరీ వెతికారు.

వెతికితే ఎక్కడ దొరికారో చూడండి. రిచర్డ్ షెర్మన్, 6 అడుగుల 3 అంగుళాలు, స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా మొదలెట్టి కార్నర్‌కి మారినవాడు, 2011 డ్రాఫ్ట్‌లో (ఏటా కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు) ఐదో రౌండు, 154వ వాడు. బ్రాండన్ బ్రౌనర్, 6 అడుగుల 4 అంగుళాలు, ఇక్కడ ఎవరూ అడక్కపోతే కెనడా లీగ్‌లో ఆడుకుంటున్నాడు. బైరన్ మాక్స్‌వెల్ ఆరో రౌండు. స్ట్రాంగ్ సేఫ్టీ (గీతకి దగ్గరగా ఆడే రెండో సేఫ్టీ) క్యామ్ చాన్సలర్, లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ అంత భారీ మనిషి, సేఫ్టీకి పనికిరాడేమోనని అందరూ వదిలేస్తే 2010లో ఐదో రౌండులో వచ్చాడు. రెడ్ బ్రయంట్ అని 320 పౌండ్ల పైచిలుకు మనిషి, లైన్ మధ్యలో ఆడుతూ మరుగునపడిపోయినోణ్ణి లైన్ చివరికి జరిపారు, రన్ (బంతి పట్టుకుని పరిగెత్తడం) అటువైపు నుంచి వెళ్ళాలంటే ఒక గోడ దాటాలి. సంతలో చివర్న మిగిలిన సరుకంతా ఏరుకొచ్చినట్టే.

బావ ఇక్కడే అడ్డుపడతాడు, "అంటే వాళ్ళకి టాలెంట్ ఉంది, మిగతావాళ్ళు కనిపెట్టలేకపోయారు, అంతేగా" అని. అంతే కాదు బావా. దీనికి నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది, ఇది చెప్పినప్పుడల్లా బావ సిగ్నల్ సరిగ్గా లేదంటాడు.

2015లో బైరన్ మాక్స్‌వెల్ కాంట్రాక్టు అయిపోయింది. అప్పటికి షెర్మన్‌కి అవతలి వైపు ఆడి, ఒక సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచి, ఇంకోటి ఆడి, మంచి పేరు తెచ్చుకున్నాడు. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆరేళ్ళకి 63 మిలియన్ డాలర్ల కాంట్రాక్టిచ్చి ఎగరేసుకుపోయారు. అదే మార్చిలో ఆ ఈగల్స్ వదిలేసిన కార్నర్ క్యారీ విలియమ్స్‌ని సియాటిల్ మూడేళ్ళకి 18 మిలియన్లిచ్చి తెచ్చుకుంది, అతనూ తక్కువోడేం కాదు, బాల్టిమోర్‌తో సూపర్ బౌల్ గెలిచినవాడు. చూస్తే రెండు జట్లూ కార్నర్లని కుండమార్పిడి చేసుకున్నట్టే. ఏమైంది? మాక్స్‌వెల్ ఫిలడెల్ఫియాలో మొదటి మ్యాచ్‌లోనే అట్లాంటా రిసీవర్ జూలియో జోన్స్ చేతిలో చిత్తయ్యాడు, జోన్స్ ఆ రాత్రి 141 గజాలు, రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలోళ్ళ చివరి గీత దాటించడం) చేశాడు, ఏడాది తిరక్కుండానే మాక్స్‌వెల్‌ని మయామికి వదిలించుకున్నారు. విలియమ్స్ సంగతి ఇంకా ఘోరం, నవంబర్‌కల్లా బెంచీ మీద కూర్చోబెట్టారు, డిసెంబర్‌లో ఇంటికి పంపేశారు.

ఎందుకలా? సియాటిల్లో కార్నర్లకి నేర్పే పద్ధతొకటుంది, స్టెప్-కిక్ అంటారు. బంతి కదలగానే ఎవరికైనా రిసీవర్ మీదకి దూకాలనో, వెనక్కి పరిగెత్తాలనో అనిపిస్తుంది, అది మనిషి స్వభావం. ఇక్కడ రెండూ చెయ్యకూడదు. చిన్న అడుగొకటేసి అక్కడే ఆగి, రిసీవర్ ఎటు వెళ్తాడో వాడు తేల్చుకునేదాకా ఆగి, అప్పుడు రెండో కాలు వెనక్కి తన్నాలి. చదవడానికి ఒక్క వాక్యం, ఒంటికి పట్టడానికి ఏళ్ళు. షెర్మన్, మాక్స్‌వెల్ ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ వయసులో వచ్చి రోజూ అదే చేసి చేసి ఒంటికి పట్టించుకున్నారు. విలియమ్స్ ముప్ఫై ఏళ్ళ వయసులో, ఇంకో రకంగా ఏడేళ్ళు ఆడి వచ్చాడు. కీబోర్డు చూడకుండా టైప్ చేసేవాడికి అక్షరాల జాగాలు మార్చేస్తే ఎలా ఉంటుందో అలా. ఇక మాక్స్‌వెల్‌కి కొత్త చోట ఆ పద్ధతీ లేదు, లోపలి వైపు ఆ సేఫ్టీ లేడు, రిసీవర్‌తో ఒంటరిగా మిగిలిపోయాడు. ఇంకో తమాషా ఏంటంటే 2017 నవంబర్‌లో షెర్మన్ మడమ నరం తెగితే సియాటిల్ మళ్ళీ ఈ మాక్స్‌వెల్‌నే పిలిచింది, వచ్చాడు, ఫర్వాలేదనిపించేలా ఆడాడు కూడా.

ఇప్పుడు చెప్పండి, మాక్స్‌వెల్ టాలెంట్ ఎంత? 63 మిలియన్లా, సున్నానా? ఆ ప్రశ్నే తప్పు. సియాటిల్‌లో ఎంత, ఫిలడెల్ఫియాలో ఎంత అని అడగాలి.

సరే, సూపర్ బౌల్ గురించి మాట్లాడకుండా వెళ్ళిపోతే సియాటిల్ జనం నన్ను ఊళ్ళోకి రానివ్వరు. 2014 ఫిబ్రవరి 2. అవతల డెన్వర్ బ్రాంకోస్, ఆ సీజన్లో 606 పాయింట్లు చేసి లీగ్ రికార్డు కొట్టిన జట్టు, పేటన్ మానింగ్ 55 టచ్‌డౌన్ పాసులు విసిరిన ఏడాది. మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు మందిమి, సగం మందికి రూల్స్ తెలీవు, మిరపకాయ బజ్జీల కోసం వచ్చారు. వాళ్ళు బజ్జీ కొరికేలోపే, ఆట మొదలైన 12 సెకన్లకే బంతి మానింగ్ తల మీదుగా వెనక్కెళ్ళిపోయి సియాటిల్‌కి రెండు పాయింట్లు (దీన్నీ సేఫ్టీ అనే అంటారు, ఆటగాడి జాగా పేరుతో సంబంధం లేదు). చివరికి 43–8.

ఆ మ్యాచ్‌లో నాకిష్టమైన లెక్క స్కోరు కాదు. మానింగ్ ఆ రోజు 49 పాసులు విసిరితే 34 అందాయి, సూపర్ బౌల్లో అప్పటికి అది రికార్డు. డెన్వర్ రిసీవర్ డెమారియస్ థామస్ ఒక్కడే 13 బంతులు పట్టాడు, అదీ అప్పటికి రికార్డే. రెండు రికార్డులు కొట్టి 8 పాయింట్లు! ఎలాగంటే పట్టినవన్నీ పొట్టివి, అన్నీ సీహాక్స్ ముందు పట్టినవే, పట్టిన మరుక్షణం నేల మీద. థామస్ 13 బంతులకి వచ్చింది 118 గజాలే. క్యారల్ సూత్రం అదే, పెద్ద దెబ్బ తినకూడదు, చిన్నవి ఇచ్చేయ్, వాణ్ణి పదీ పన్నెండు సార్లు తప్పు లేకుండా ఆడనీ చూద్దాం, మధ్యలో ఎక్కడో జారతాడు. ఆయన వారానికో రోజు ప్రాక్టీసు మొత్తం బంతి లాక్కోవడం మీదే పెట్టేవాడు, గురువారాలు, టర్నోవర్ థర్స్‌డే అని పేరు కూడా పెట్టాడు.

ఆ రోజు ఎమ్‌వీపీ, అంటే మ్యాచ్‌లో మేటి ఆటగాడు, ఎవరో తెలుసా, మాల్కమ్ స్మిత్, ఏడో రౌండు లైన్‌బ్యాకర్. క్లిఫ్ ఏవ్రిల్ మానింగ్ చేతిని తగిలాడు, బంతి గాల్లో పిట్టలా తడబడింది, స్మిత్ పట్టుకుని 69 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. దానికి రెండు వారాల ముందు శాన్‌ఫ్రాన్సిస్కోతో 23–17 మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో షెర్మన్ ఎడమ చేత్తో బంతిని తట్టినప్పుడు కింద దొరకబుచ్చుకుంది కూడా ఇతనే. జనం అదృష్టం అంటారు. రెండుసార్లూ వాడు బంతి వైపు పరిగెడుతూ ఉన్నాడు, తన పని కాదు కదా అని ఆగిపోలేదు. అది నేర్పిన పని. కానీ తట్టిన ఆ పొడుగు చెయ్యి షెర్మన్‌ది, మానింగ్‌ని తగిలింది ఏవ్రిల్, వాళ్ళు లేకపోతే స్మిత్ ఎంత పరిగెత్తినా ఖాళీ గాలే. ఎవరి వాటా ఎంతో విడదీసి చూపించమంటే నా వల్ల కాదు.

ఇప్పటిదాకా నేను గెలుస్తున్నట్టే ఉంది కదా. ఇప్పుడు బావకి పనికొచ్చే వైపు.

ఆ ఐదో రౌండు, ఆరో రౌండు, ఏడో రౌండు కథల మధ్యలో ఒకడి సంగతి దాటేశా. ఎర్ల్ థామస్, సియాటిల్ ఫ్రీ సేఫ్టీ (ఇందాకటి డెన్వర్ థామస్ వేరు). అతను చివర్న మిగిలిన సరుకు కాదు. 2010 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండు, 14వ వాడు. వెనక మధ్య వాటా 18 గజాలు అన్నాను కదా, అది కాగితం మీద మాట. నిజానికి ఈ స్కీమ్‌ని కొట్టే దారి అందరికీ తెలుసు, మధ్యవాడికి అటో రిసీవర్ని ఇటో రిసీవర్ని ఒకేసారి నిటారుగా పంపితే వాడు ఏదో ఒకవైపే వెళ్ళగలడు. మామూలు సేఫ్టీ అయితే రెండోవాడికి టచ్‌డౌన్. థామస్ మాత్రం క్వార్టర్‌బ్యాక్ భుజం తిరిగేదాకా కదలకుండా ఉండి, తిరగ్గానే అటు దూకి చేరుకునేవాడు. ఆ ఒక్కడు వెనక ఇద్దరి పని చేస్తున్నాడు కాబట్టే చాన్సలర్ ముందుకొచ్చి ఎనిమిదో మనిషిగా రన్‌ని ఆపగలిగాడు, కార్నర్లు లోపలి వైపు భయం లేకుండా గీత పక్కన కాపు కాయగలిగారు. ఐదో రౌండు వాళ్ళ గొప్పంతా ఈ మొదటి రౌండు వాడి అప్పు మీద నడిచింది.

వాడు లేకపోతే ఏమవుతుందో 2016 డిసెంబర్ 4న తెలిసింది. క్యారలైనాతో మ్యాచ్‌లో థామస్, చాన్సలర్ ఇద్దరూ ఒకే బంతికి దూకి గుద్దుకుంటే థామస్ కాలు విరిగింది. మరుసటి వారం గ్రీన్ బేలో ఆట మొదలైన కాసేపటికే సరిగ్గా ఆ నడి మధ్య నుంచి డవాంటే ఆడమ్స్ 66 గజాల టచ్‌డౌన్. మ్యాచ్ 38–10తో పోయింది. (ఆ రోజు మా క్వార్టర్‌బ్యాక్ కూడా ఐదు బంతులు వాళ్ళ చేతుల్లో పెట్టాడు, మొత్తం పాపం సేఫ్టీ మీద రుద్దను.) జనవరిలో ప్లేఆఫ్స్‌లో అట్లాంటా మా మీద 36 కొట్టింది. కోచ్ అదే, గీతలు అవే, మిగతా పెద్ద పేర్లూ చాలామంది అక్కడే ఉన్నారు.

విచిత్రమేంటంటే థామస్ ఎంత ముఖ్యమో మామూలుగా ఆట చూసేవాడికి తెలియదు. టీవీ కెమెరా పక్క నుంచి బంతి చుట్టూ చూపిస్తుంది, వెనక అంత దూరంలో నిలబడ్డ సేఫ్టీ తెరలోకే రాడు. బంతి పైకి లేచాక ఎక్కడ్నుంచో ఊడిపడతాడు. నేను మూడు నాలుగేళ్ళు ఈ టీమ్‌ని చూసి కూడా షెర్మన్ జెర్సీ కొన్నానంటే అర్థం చేసుకోండి.

ఈ స్కీమ్‌ని నకలు కొట్టినవాళ్ళ కథలు చూస్తే బావ వాదన ఇంకా బలపడుతుంది. క్యారల్ దగ్గర డిఫెన్స్ చూసిన గస్ బ్రాడ్లీని 2013లో జాక్సన్‌విల్ హెడ్ కోచ్‌గా తీసుకుంది. అవే గీతలు, అవే మాటలు. 14 గెలుపులు, 48 ఓటములు, 2016 డిసెంబర్‌లో తీసేశారు. కానీ అతని డిఫెన్స్ కోఆర్డినేటర్ టాడ్ వాష్‌ని మాత్రం ఉంచారు, ఈయన కూడా సియాటిల్‌లో పనిచేసొచ్చినవాడే. మరుసటి ఏడాదికి లైన్‌లో కలాయిస్ క్యాంప్‌బెల్, కార్నర్‌లో ఏ.జే. బూయే వచ్చారు, అంతకు ముందు ఏడాది ఐదో వాడిగా తీసుకున్న జేలెన్ రామ్సీ ముదిరాడు. అంతే, 2017లో అదే కోఆర్డినేటర్, అదే స్కీమ్, 55 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), లీగ్‌లో అందరికన్నా తక్కువ పాసింగ్ గజాలు, సూపర్ బౌల్‌కి ఒక్క మ్యాచ్ దూరం. తర్వాత రామ్సీ వెళ్ళిపోయాడు, క్యాంప్‌బెల్, బూయే వెళ్ళిపోయారు, 2020లో 1–15, అంటే ఒక్క గెలుపు, 15 ఓటములు. వాష్ మాత్రం మొదట్నుంచి చివరిదాకా అక్కడే ఉన్నాడు. మంత్రాలకి చింతకాయలు రాలవని బావ అప్పుడు రెండు వారాలు వరసగా మెసేజ్ పెట్టాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకో ముచ్చట. రాబర్ట్ సాలే కూడా సియాటిల్ బడి పిల్లాడే. 2018లో అతని డిఫెన్స్ సీజన్ మొత్తమ్మీద ఎన్ని ఇంటర్‌సెప్షన్లు (అవతలోళ్ళ పాసుని మధ్యలోనే పట్టేయడం) చేసిందో తెలుసా, రెండు. పదహారు మ్యాచ్‌లకి రెండు! లీగ్ చరిత్రలో అంత తక్కువ ఎవరికీ లేదు, పైగా ఆ జట్టులో సాక్షాత్తూ షెర్మనే ఆడుతున్నాడు. ఆ పాపానికి ఫలంగా డ్రాఫ్ట్‌లో రెండో నంబర్ వచ్చింది, నిక్ బోసా వచ్చాడు, డీ ఫోర్డ్‌ని ట్రేడ్ చేసి తెచ్చుకున్నారు, లైన్ నేర్పడానికి క్రిస్ కొకూరెక్ వచ్చాడు. 2019లో ఆ రెండు ఇంటర్‌సెప్షన్లు 12 అయ్యాయి, జట్టు సూపర్ బౌల్‌కి వెళ్ళింది. వెనక కాపు కాసేవాళ్ళ పద్ధతి పెద్దగా మారలా. ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌కి ఒక్క క్షణం తక్కువ టైమ్ ఇచ్చారు, ఆ ఒక్క క్షణంలో వెనకోళ్ళంతా తెలివైనోళ్ళయిపోయారు.

వీటన్నిటి తర్వాత నేనొక చోటికి వచ్చా. స్కీమ్ అనేది ఒక ఇల్లు అనుకుంటే అందులో చాలా గోడలు ఇటుకలతో కట్టేయొచ్చు, నేర్పించుకోవచ్చు, చవగ్గా తెచ్చుకోవచ్చు. కానీ ప్రతి స్కీమ్‌లోనూ ఒకటో రెండో దూలాలుంటాయి, అక్కడ చవక పనికిరాదు. కవర్ త్రీకి ఆ దూలాలు రెండు, మధ్యలో ఫ్రీ సేఫ్టీ, ముందు నలుగురితోనే ఒత్తిడి తేగల లైన్. కోచ్ తెలివంతా ఎక్కడ పొదుపు చెయ్యాలో కాదు, ఎక్కడ చెయ్యకూడదో తెలుసుకోవడంలో ఉంది. నకలు కొట్టినవాళ్ళు ఇటుకల పొడుగు వెడల్పు కొలుచుకెళ్ళారు, 32 అంగుళాల చేతులు వెతుక్కున్నారు, దూలం మర్చిపోయారు.

చిత్రం ఏంటంటే కట్టినాయనే ఇది మర్చిపోయాడు. 2020లో సియాటిల్ న్యూయార్క్ జెట్స్ నుంచి జమాల్ ఆడమ్స్‌ని తెచ్చుకుంది, రెండు మొదటి రౌండు పిక్కులు (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు), ఒక మూడో రౌండు, పైగా ఒక ఆటగాణ్ణి ఇచ్చి. ఆడమ్స్ ఆడేది ఏ జాగా? స్ట్రాంగ్ సేఫ్టీ, చాన్సలర్ జాగా, ఐదో రౌండులో దొరికిన జాగా! ఆటగాడు మంచోడే, ఆ ఏడాది 9.5 సాక్‌లు చేశాడు, డిఫెన్సివ్ బ్యాక్ ఒకడు ఒక సీజన్లో అన్ని చెయ్యడం రికార్డు. కానీ అతన్ని వాడుకోవాలంటే మాటిమాటికీ బ్లిట్జ్‌కి, అంటే లైన్ వాళ్ళతోపాటు క్వార్టర్‌బ్యాక్ మీదకి, పంపాలి, పంపితే వెనక ఖాళీ, అంటే మనిషి కోసం స్కీమ్‌ని వంచాల్సి వచ్చింది. లైన్‌లో ఏవ్రిల్, బెనెట్ లాంటివాళ్ళు లేని లోటుని సేఫ్టీతో పూడ్చబోయారన్నమాట. 2021లో నాలుగేళ్ళకి 70 మిలియన్లు రాసిచ్చారు, 2022 మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం తెగింది, ఇక కోలుకోలా. దెబ్బ తగలడం ఎవరి తప్పూ కాదు. అంత పెద్ద ఖర్చు ఆ జాగా మీద పెట్టడం మాత్రం తప్పే, అప్పుడూ అన్నా, ఇప్పుడూ అంటా.

నా వాదనలో చిల్లు కూడా నేనే చూపిస్తా, లేకపోతే బావ కామెంట్లో చూపిస్తాడు. 2019లో క్వాండ్రే డిగ్స్ అనే ఫ్రీ సేఫ్టీని డెట్రాయిట్ దగ్గర ఐదో రౌండు పిక్కుకి తెచ్చుకున్నారు. చవగ్గా వచ్చాడు, బ్రహ్మాండంగా ఆడాడు, ప్రో బౌల్స్‌కి (లీగ్ ఆల్-స్టార్ జట్టుకి) కూడా వెళ్ళాడు. అయినా డిఫెన్స్ ఏళ్ళ తరబడి నీరసంగానే ఉంది. కాబట్టి థామస్ ఒక్కడే దూలం అని నేను చాలాకాలం అన్నది సగం నిజమే, రెండో దూలం లేకపోతే మొదటిది ఎంత బాగున్నా కప్పు కారుతుంది.

ఇక డాలస్. 2020లో కౌబాయ్స్ డిఫెన్స్ 473 పాయింట్లిచ్చింది, వాళ్ళ చరిత్రలోనే అధమం. ఆ ఏడాది బావ ఫోన్ ఎత్తేవాడు కాదు. 2021లో డాన్ క్విన్ వచ్చాడు, 2013 సియాటిల్ కోఆర్డినేటర్. ఆ మధ్యలో అట్లాంటాకి హెడ్ కోచ్‌గా వెళ్ళి సూపర్ బౌల్లో 28–3 ఆధిక్యం పోగొట్టుకున్నవాడు కూడా ఆయనే. దెబ్బలు తిన్న మనిషి కదా, డాలస్‌లో కవర్ త్రీ ఒక్కటే పట్టుకుని వేలాడలేదు, మ్యాన్ కవరేజ్ (జాగా కాకుండా మనిషి వెంట పడటం) కలిపాడు. 12వ వాడిగా తీసుకున్న మైకా పార్సన్స్ లైన్‌బ్యాకర్‌గా వచ్చాడు, రెండో వారానికే డిమార్కస్ లారెన్స్ కాలు విరిగితే పార్సన్స్‌ని లైన్ చివర నిలబెట్టాడు, 13 సాక్‌లు. ట్రెవన్ డిగ్స్ 11 ఇంటర్‌సెప్షన్లు. బావ దీన్ని "చూశావా, పార్సన్స్ వచ్చాడు, బాగైంది" అంటాడు. నేను "పార్సన్స్‌ని అక్కడ నిలబెట్టిందెవరు" అంటా. నిజం చెప్పాలంటే లారెన్స్ కాలు విరక్కపోతే ఎలా ఉండేదో ఇద్దరికీ తెలీదు. 2025 ఆగస్టులో ఆ పార్సన్స్‌ని గ్రీన్ బేకి ఇచ్చేశాక మాత్రం బావ ఈ టాపిక్ దగ్గరకొచ్చేసరికి "అక్క పిలుస్తోంది" అంటున్నాడు.

మా ఊళ్ళో సీహాక్స్‌కి 2024లో మైక్ మెక్‌డానల్డ్ హెడ్ కోచ్‌గా వచ్చాడు, అంతకుముందు ఏడాది బాల్టిమోర్‌లో అతని డిఫెన్స్ తక్కువ పాయింట్లు, సాక్‌లు, బంతి లాక్కోవడం, మూడింట్లోనూ లీగ్ ఫస్ట్. ఇతని స్కీమ్ పూర్తిగా వేరు, ఎవరు దూకుతారో ఎవరు వెనక్కెళ్తారో చివరిదాకా దాస్తాడు, అందరికీ సిగ్నల్స్ అందించేది మధ్యలో లైన్‌బ్యాకర్. అంటే దూలం జాగా మారింది. ఆ జాగాలో కొత్తగా తెచ్చుకున్న ఇద్దరితో ప్రయత్నించారు, కుదర్లేదు, సీజన్ మధ్యలో ఒకణ్ణి ట్రేడ్‌లో ఇచ్చేసి, ఇంకొకణ్ణి తీసేశారు. టెనెసీ నుంచి ఎర్నెస్ట్ జోన్స్‌ని తెచ్చారు, ఇతన్ని రామ్స్ ఆగస్టులో వదిలేస్తే టెనెసీ రెండు నెలలకే వదిలేసింది. 4–5లో ఉన్న జట్టు 10–7తో ముగిసింది. రెండు జట్లు అక్కర్లేదనుకున్న మనిషి మూడో చోట ఇంటికి దూలం అయ్యాడు. బావ దీన్ని తన లెక్కలో వేసుకున్నాడు, నేను నా లెక్కలో వేసుకున్నా.

మొన్న వానపడుతుంటే ఏం తోచక ఆ పాత 43–8 మ్యాచ్ మళ్ళీ పెట్టా. మా అమ్మాయి పక్కన కూర్చుంది, దానికి పదేళ్ళు, స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతోంది. బంతి కదలక ముందు పాజ్ చేసి డిఫెన్స్‌లో ఎంతమందున్నారో లెక్కపెట్టమన్నా. వేలితో తెర మీద తాకుతూ రెండుసార్లు లెక్కపెట్టింది.

"పదిమందే ఉన్నారు నాన్నా."